థర్మోస్టాటు మార్చిన తరువాత ఇంజను వేడి: బండిగల రైతులు గమనించవలసిన సంగతులు

చేవెళ్ల ప్రాంతమునుండి టమాటా, వంకాయ, ఆకుకూరలు డీజిలు బండిలో నింపుకొని ఎర్రగడ్డ రైతు బజారుకు పోవు రైతులు మెహదీపట్నం, మాసబ్ ట్యాంక్ దాటి పంజగుట్టకు చేరుదురు. అక్కడినుండి అమీర్‌పేట మీదుగా ఎర్రగడ్డకు పోవలెను. ఈ కొద్ది దూరమే ఇంజనుకు అసలైన పరీక్ష. 2018 సెప్టెంబరు నుండి ఈ దారిలో తలపైన మెట్రో రైళ్లు నడచుచున్నను, క్రింది రోడ్డుపై రద్దీ తగ్గలేదు. బండి పది బారలు కదలును, మరల ఆగును. మే నెలలో గాలియే 40 డిగ్రీలు దాటియుండును. రైతు తన పంటను తానే అమ్ముకొనవలెనని 1999లో రైతు బజారులు వెలసినవి. ఇంజను దారిలో మరిగినచో ఆకుకూర వాడిపోవును, ఉదయపు బేరము తప్పిపోవును. హెడ్డు వంగినచో పలు లోడ్ల లాభము మరమ్మతుకే చెల్లును.

ఇటువంటి బండికి థర్మోస్టాటు మార్చిన పిదప వేడి మీటరు ముల్లు మునుపటివలె ఉండకపోవుట సహజము. అది మంచికో, చెడుకో తెలిసికొనుట ఎట్లో ఇచట వివరించుచున్నాము.

థర్మోస్టాటు చేయు పని

డీజిలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములు త్రిప్పుటకు ఉపయోగపడును. ఇంచుమించు అంతే భాగము పొగతో పోవును. మిగిలిన దానిలో ఎక్కువ భాగమును ఇంజను చుట్టు తిరుగు నీరు మోసికొనిపోయి రేడియేటరులో విడిచిపెట్టవలెను.

ఇంజనుకును రేడియేటరుకును నడుమ ఉండు తలుపే థర్మోస్టాటు. దానిలోని చిన్న బుడ్డిలో మైనము ఉండును. చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసికొని నీటిని ఇంజనులోనే త్రిప్పును. వేడికి మైనము కరగి ఉబ్బి తలుపును తెరచును. ఏ వేడివద్ద తెరచుకొనవలెనో దానిపై అంకె ముద్రించి యుండును. 82 అని ఉన్నచో 82 డిగ్రీల సెంటిగ్రేడువద్ద తెరచుకొనుట మొదలిడి, సుమారు 95 డిగ్రీలవద్ద పూర్తిగా తెరచుకొనును. మీ ఇంజనుకు కంపెనీవారు చెప్పిన అంకెగల దానినే వాడవలెను.

ముల్లు ఎట్లుండవలెను?

పాత థర్మోస్టాటు సగము మూసికొని పట్టుకొనియున్నచో, కొత్తది వేసిన తరువాత ముల్లు మునుపటికంటె క్రిందికి దిగును. పాతది తెరచుకొనియే ఉండిపోయినను, లేక మెకానిక్కు దానిని తీసివేసియున్నను, కొత్తది వేసిన తరువాత ముల్లు పైకి వచ్చును. దీనిని చూచి బెదరి పలువురు మరల తీసివేయించుచున్నారు. ఇది తగదు. ముల్లు పైకి వచ్చి ఒకచోట నిలిచినచో ఇంజను తనకు తగిన వేడికి చేరినదని గ్రహించవలెను.

ఉదయము మొదట బయలుదేరినప్పుడు ముల్లు కొంత పైకి పోయి, తలుపు తెరచుకొనగానే కొద్దిగా దిగి నిలుచును. ఇదియు దోషము కాదు. ఆగకుండ ఎఱ్ఱగీత వైపు పోవుటయే దోషము.

ఎక్కడ వేడెక్కినదో చూడుడు

1. ఊరి బయట రోడ్డుపై సరిగా ఉండి, పంజగుట్ట కూడలిలో నిలిచినప్పుడు మాత్రమే వేడెక్కుచున్నచో థర్మోస్టాటును నిందింపరాదు. బండి పరుగెత్తునప్పుడు ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును. నిలిచినప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు. ఫ్యాను బెల్టు బిగువు, ఫ్యాను క్లచ్చి, రేడియేటరు రెక్కలలో చేరిన దుమ్ము, గడ్డి, పురుగులు చూడవలెను.

2. నిండు బరువుతో గట్టు ఎక్కునప్పుడు, లేక వేగముగా పోవునప్పుడు వేడెక్కుచున్నచో నీటి ప్రవాహము చాలుట లేదు. రేడియేటరు లోపల పూడుట, నీటి పంపు అరుగుట, థర్మోస్టాటు పూర్తిగా తెరచుకొనకపోవుట ఇందుకు కారణములు.

3. వేగముగా పోవునప్పుడు ముల్లు బాగుగా దిగి, అమీర్‌పేట రద్దీలో మరల పైకి వచ్చుచున్నచో తలుపు మూసికొనుట లేదు. కొత్తదియైనను అంచువద్ద రబ్బరు సరిగా కూర్చుండక నీరు జారుచుండవచ్చును.

4. మార్చిన రోజుననే ముల్లు ఊగిసలాడుచు పైకి పోవుచున్నచో లోపల గాలి చిక్కుకొనియుండును. మైనపు బుడ్డి ఇంజను వైపునకే ఉండవలెను. గాలి పోవు చిన్న రంధ్రము పై వైపున ఉండవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీరు నింపి, గాలి మర ఉన్నచో దానిని వదులు చేసి, గాలి బుడగలు ఆగువరకు నెమ్మదిగా నడిపి, తగ్గిన నీటిని మరల పోయవలెను.

మూతను మరువరాదు

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున తెరచిన పాత్రలో నీరు ఇక్కడ సుమారు 98 డిగ్రీలవద్దనే మరుగును. రేడియేటరు మూత లోపలి ఆవిరిని అణచిపెట్టి ఈ హద్దును పెంచును. చదరపు సెంటిమీటరుకు అర కిలో ఒత్తిడి నిలుపు మూత ఉన్నచో నీరు సుమారు 110 డిగ్రీల వరకు మరుగదు. మూత స్ప్రింగు బలహీనపడినను, రబ్బరు చిట్లినను కొత్త థర్మోస్టాటు ఉండియు నీరు పొంగిపోవును. ఇంజను వేడిగా ఉండగా మాత్రము మూత తీయరాదు. ఎగసిన ఆవిరి ముఖమును, చేతులను బొబ్బలెక్కించును.

ఇంటివద్ద పరీక్ష

కొత్త థర్మోస్టాటును బిగించుటకు ముందే పరీక్షించుట మేలు. ఒక గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో వ్రేలాడదీసి, అడుగును తాకకుండ ముంచవలెను. ప్రక్కన థర్మామీటరు ఉంచి నీటిని నెమ్మదిగా కాచవలెను. ముద్రించిన అంకెకు ఒకటి రెండు డిగ్రీల తేడాతో తలుపు కదలవలెను. నీరు మరుగు సమయమునకు బాగుగా తెరచుకొనవలెను. చల్లారిన తరువాత సందు లేకుండ మూసికొనవలెను.

తీసివేసిన నష్టమేమి?

మనది ఎండ దేశము, థర్మోస్టాటు అక్కరలేదని కొందరు చెప్పుదురు. ఈ మాట నమ్మరాదు. చల్లని ఇంజనులో డీజిలు పూర్తిగా మండదు. మండని డీజిలు సిలిండరు గోడలపైని నూనెను కడిగివేసి క్రిందికి జారి ఇంజను ఆయిలులో కలియును. రింగులు త్వరగా అరుగును, డీజిలు ఖర్చు పెరుగును. అంతేగాక కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు తెరచుకొన్నప్పుడే అడ్డదారి గొట్టము మూసికొనును. అట్టి దానిలో థర్మోస్టాటు తీసివేసినచో సగము నీరు రేడియేటరుకు పోకయే తిరుగును. చల్లబడుటకు మారుగా ఇంజను మరింత వేడెక్కును.

ఎట్టి నీరు పోయవలెను?

మన బోరు నీటిలో సున్నము ఎక్కువ. అది లోపలి గొట్టములలో పొరకట్టి వేడిని బయటికి పోనీయదు, థర్మోస్టాటును కూడ పట్టివేయును. డిస్టిల్డు వాటరులో కూలెంటును డబ్బాపై వ్రాసిన పాళ్లలో కలిపి పోయుట ఉత్తమము.

దారిలో ముల్లు ఎఱ్ఱగీతకు చేరినచో

బండిని ప్రక్కకు తీసి ఆపుడు. నీరు బుస్సున పొంగనిచో, ఫ్యాను తిరుగుచున్నచో రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా నడువనిచ్చి చూడుడు. ముల్లు దిగనిచో వెంటనే ఆపివేయుడు. కాలిన ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులును. చల్లారువరకు ఓపిక పట్టుడు. ఎర్రగడ్డ దగ్గరలోనే ఉన్నదని అట్లే నడుపుట అన్నిటికంటె ఖరీదైన పని. సరకును వేరొక బండిలోనికి మార్చుకొనుటయే లాభము.

వ్యవసాయ విస్తరణాధికారులు రైతు వేదికవద్ద ఒకనాడు ఈ వేడినీటి పరీక్షను చేసి చూపినచో గ్రామములోని ట్రాక్టరుదారులకును మేలు కలుగును. ట్రాక్టరు ఇంజనులోని థర్మోస్టాటు పనియు ఇదియే. వేసవి రాకపూర్వమే బెల్టు, మూత, నీరు, థర్మోస్టాటు ఈ నాలుగింటిని చూచుకొన్న రైతు తన పంటను వాడకుండ బజారుకు చేర్చుకొనగలడు.