ముందు అద్దం మీద తెల్ల మచ్చలు – ఎందుకు పడతాయి? ఎలా పోతాయి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు చాలాసేపు ఏమీ తోచలేదు. కవితలు, కథలు నాకు రావు. కొల్లేటి చేపల చెరువుల దగ్గర నుంచి ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి వ్యాను నడపడం వచ్చు. అందుకని ఆ వ్యాను ముందు అద్దం గురించే రాస్తున్నాను. మన హాస్టల్లో చదివి ఆటోలు, మినీ వ్యాన్లు, లారీలు నడుపుకుంటూ బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికి వస్తుంది. చదువుకునే తమ్ముళ్లకు ఇందులో కొంచెం రసాయన శాస్త్రం కూడా దొరుకుతుంది.

ముందుగా మన హాస్టల్ బోరు కుళాయి దగ్గరకు వెళ్దాం. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర ఉంటుంది. స్నానాల తొట్టి అంచున నీళ్లు నిలిచిన మేర తెల్ల గీత ఉంటుంది. గోటితో గీకినా రాదు. సైన్సు పుస్తకంలో కఠిన జలం అని చదివాం కదా, అదే ఇది. వాన నీరు మట్టిలోకి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. ఆ నీరు సున్నపు పదార్థాన్ని కరిగించి కాల్షియం బైకార్బనేటుగా మోసుకొస్తుంది. నీరు ఆరిపోతే వాయువు గాలిలోకి పోతుంది, కరగని కాల్షియం కార్బనేటు మాత్రం మిగిలిపోతుంది. చుక్క ఆరేటప్పుడు అందులోని పదార్థం అంచులకు చేరుతుంది. అందుకే మచ్చ నిండుగా ఉండదు, ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది.

చేపల బండి విషయంలో జరిగేది కూడా ఇంతే. సరుకు దించాక నీచు వాసన పోవాలని బోరు పైపు పెట్టి బండంతా కడుగుతాం. ఎండలో వదిలేసి టీ తాగడానికి వెళ్తాం. తిరిగి వచ్చేసరికి అద్దం నిండా చుక్కలు ఎండిపోయి ఉంటాయి. మర్నాడు మళ్లీ అదే పని. ఒక పొర మీద ఇంకో పొర. కాలువ నీళ్లతో కడిగితే ఇంత మచ్చ పడదు. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలువలో పారేది గోదావరి నీరు. బోరు నీటికన్నా ఇందులో సున్నం తక్కువ. అదే కొల్లేటి వైపు దిగేకొద్దీ బోర్లలో ఉప్పు ఎక్కువ. ఆటుపోట్లకు సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా పైకి ఎక్కుతుంది. అయితే ఉప్పు మచ్చతో మనకు పేచీ లేదు, మంచినీళ్లు పోస్తే కరిగిపోతుంది. మొండికేసేది సున్నపు మచ్చే.

అద్దం మీద సున్నం ఒక్కటే ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. మన రోడ్ల మీద ఇంకో రెండు ఉన్నాయి.

ఒకటి జిడ్డు. చేపల లారీ వెనకాల వెళ్లినవాళ్లకు తెలుసు. ఐసు కరిగిన నీళ్లు, చేపల జిగురు, కొవ్వు కలిసి రోడ్డు మీద కారుతూ పోతాయి. వెనక వచ్చే బండి అద్దం మీద అదంతా తుంపరగా పడుతుంది. దానికి డీజిలు మసి తోడవుతుంది. సందె వేళ చెరువు గట్ల మీద లేచే పురుగుల దండు తగిలి చితికిపోతుంది. ఆటపాక వైపు చెట్టు కింద బండి ఆపితే పక్షుల రెట్ట అదనం. వైపరు వేస్తే ఇదంతా పోదు, పలచగా అద్దమంతా పరుచుకుంటుంది.

రెండోది బూడిద. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసు మిల్లులు చాలా ఉన్నాయి. బాయిలర్లో ఊకను కాలిస్తే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది అద్దం మీద వాలినప్పుడు పొడి గుడ్డతో తుడిచారంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. గాజు మీద సన్నని గీతలు పడతాయి. పడిన గీతను ఏ మందూ పూడ్చలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల క్రితం, పుష్య మాసం. ఆ మధ్యాహ్నం అద్దం మెరవాలని కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మాకు పాతవాళ్లు నేర్పిన చిట్కా అది. పగలు చూస్తే అద్దం తళతళలాడింది. రాత్రి కైకలూరు నుంచి ఏలూరు వస్తున్నాను. పెదయడ్లగాడి వంతెన దాటాక ఎదురుగా లారీ వచ్చింది. దాని లైట్లు పడగానే నా అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడింది. రోడ్డు లేదు, గట్టు లేదు. బ్రేకు తొక్కాను. లారీ పోయాక చూస్తే నా ఎడమ పక్క ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక సీటు మీది వలమూటకు నా బండి పక్క అద్దం రాసుకుని ఆగింది. ఆయనకు దెబ్బ తగల్లేదు. "ఏం బాబూ, కనపళ్లేదా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగానే కనపడలేదు. బండి దిగి సెల్‌ఫోను లైటు వేసి చూస్తే అద్దం మీద నూనె పొర రంగులు తిరుగుతోంది.

దీనికి కారణం ఉంది. పగటిపూట అన్ని వైపుల నుంచీ వెలుతురు ఉంటుంది కాబట్టి పలచని పొర పెద్దగా అడ్డు రాదు. రాత్రి ఎదుటి బండి లైటు నేరుగా ఆ పొర మీద పడుతుంది. పొరలోని ప్రతి అణువంత చుక్కా ఆ వెలుగును చెల్లాచెదురు చేసి మన కంట్లోకి విసురుతుంది. ఆ వెలుగులో చీకట్లో ఉన్న మనిషి మునిగిపోతాడు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు అద్దం కనీసం 70 శాతం కాంతిని లోపలికి రానివ్వాలి. కంపెనీ అలాగే తయారు చేసి ఇస్తుంది, చెడగొట్టుకునేది మనం.

ఇక శుభ్రం చేయడం. మూడు జబ్బులకు మూడు మందులు. వరస మారితే పని జరగదు, ఎందుకంటే జిడ్డు కింద ఉన్న సున్నానికి పులుపు తగలదు.

బండిని నీడలో పెట్టి అద్దం చల్లారనివ్వాలి. గుడ్డ తగిలించకుండా ముందు నీళ్లు ధారగా పోసి బూడిద, ఇసుక జారిపోనివ్వాలి. పురుగులు అంటుకుని ఉంటే తడి గుడ్డ కప్పి పది నిమిషాలు నాననివ్వాలి. తరవాత గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు బకెట్టు నీళ్లలో కలిపి మెత్తని గుడ్డతో కడిగి, మళ్లీ నీళ్లు పోయాలి. ఇప్పుడు ఒక పరీక్ష. పోసిన నీరు అద్దమంతా ఒకే దుప్పటిలా జారితే జిడ్డు పోయినట్టు. ఎడంఎడంగా విడిపోయి చుక్కలుగా నిలిస్తే ఇంకా ఉన్నట్టు, మళ్లీ కడగాలి.

జిడ్డు పోయాక సున్నం సంగతి. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగరు, అంతే నీళ్లు కలపండి. అది లేకపోతే అర లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసినా సరే. నూలు గుడ్డ అందులో ముంచి మచ్చల మీద పరిచి పది నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఆరిపోకూడదు. పులుపు తగిలితే కాల్షియం కార్బనేటు కరిగి కార్బన్ డయాక్సైడు వెళ్లిపోతుంది. తమ్ముళ్లూ, లాబులో సుద్దముక్క మీద ఆమ్లం పోస్తే బుసబుసమని వచ్చిన బుడగలు ఇవే. పొర మందంగా ఉంటే రెండు మూడుసార్లు చేయాలి. ఆఖరున నీళ్లు బాగా పోయాలి, పెయింటు మీద, రేకు మీద పులుపు నిలవకూడదు. కొందరు వెనిగరులో వంటసోడా కలిపి నురగ చూసి సంతోషిస్తారు. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి తినేస్తుంది, నురగ తప్ప ఏమీ మిగలదు.

అప్పటికీ ఉందా? వేలికి పలచని పాలిథిన్ కవరు తొడిగి అద్దం మీద నెమ్మదిగా జరపండి. మామూలు వేలికి తెలియని గరుకు కూడా కవరులోంచి తెలుస్తుంది. పైకి గరుకు తగిలితే మచ్చ ఇంకా అద్దం మీదే ఉంది. తడి అద్దం మీద కొత్త బ్లేడును బాగా వాల్చి, ఒకే దిశలో, గీకకుండా తోస్తే లేస్తుంది. నునుపుగా ఉండి కూడా మచ్చ కనిపిస్తే సిలికా పట్టి ఉండవచ్చు, పులుపు దాన్ని ఏమీ చేయదు. దానికి సీరియం ఆక్సైడు అనే పొడి ఉంది, కళ్లజోళ్ల అద్దాలను, గాజును మెరుగు పెట్టేవాళ్లు వాడతారు. నీళ్లతో ముద్ద చేసి, మెత్తని ఫెల్టు గుడ్డతో చేత్తోనే, తడి ఆరకుండా ఓపిగ్గా రుద్దాలి. మిషను పెట్టి ఒకేచోట నొక్కితే వేడెక్కి అద్దం పగలవచ్చు. దానికీ పోకపోతే గాజు లోపలికే తినేసిందని అర్థం. అద్దం మార్చుకోవాలి, డబ్బు చూసుకోకూడదు.

బాత్రూం కడిగే ఆసిడ్ మాత్రం తేవద్దు. అది సున్నాన్ని కరిగిస్తుంది, నిజమే. అంచు రబ్బరును, రేకును, వైపరు చేతులను కూడా వదలదు. పొరపాటున బ్లీచింగుతో కలిస్తే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇనప పీచు, ఆకుపచ్చ పీచు కూడా వద్దు. అన్నట్టు, హెల్మెట్ అద్దం గాజు కాదు, ప్లాస్టిక్. బ్లేడు, సీరియం పొడి దాని దగ్గరకు తీసుకెళ్లకండి. సబ్బు నీళ్లు చాలు.

అద్దం లోపలి వైపును చాలామంది మరిచిపోతారు. ఎండకు డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచే ఆవిరి, బీడీ పొగ, మన ఊపిరి కలిసి అక్కడా పలచని పొర కడుతుంది. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో అంతే నీళ్లు కలిపి ఒక గుడ్డతో తుడిచి, వెంటనే ఇంకో పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది. తలుపులు తీసి ఉంచండి, దగ్గర్లో బీడీ వెలిగించవద్దు.

చివరగా వైపరు రబ్బరు. అద్దమంతా కడిగి రబ్బరు అలాగే వదిలేస్తే మొదటి వానకే పాత జిడ్డంతా తిరిగి అద్దానికి పూస్తుంది. తడి గుడ్డతో రబ్బరు అంచును నల్లదనం రావడం ఆగేదాకా తుడవండి. వైపరు ట్యాంకులో బోరు నీళ్లు, బట్టల సబ్బు పొడి వేయకండి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో సున్నం ఉండదు, నేను ఒక డబ్బాలో పట్టి ఉంచుకుంటాను. బండి కడిగాక ఆఖరి చెంబుడు నీళ్లు అవే పోసి, టీకి వెళ్లకముందే గుడ్డతో తుడిచేస్తాను.