పలక మీద నేర్వవలసిన విద్య

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి పలక జ్ఞాపకము వచ్చును. పలకకు గల గొప్ప గుణమేమనగా, దానిపై తప్పు వ్రాసినను తుడిచి మరల వ్రాయవచ్చును. కంప్యూటరు నిర్వహణ నేర్పుటకు కూడ ఇట్టి పలకయే కావలెనని మా అభిప్రాయము. మేము తెలుగు బోధించువారమే అయినను, మన విద్యార్థులకు జీవనాధారము కాగల ఈ విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదని తలచుచున్నాము.

యంత్రమునకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడిపించునది ఆపరేటింగ్ సిస్టమ్. దాని మూలరచనను ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు అనుమతి ఉన్నచో అది ఓపెన్ సోర్స్ అనబడును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్‌ను వెలువరించెను. ఆ పునాదిపై 1993లో డెబియన్, 2004లో ఉబుంటు ఆరంభమైనవి. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ ఇట్టి వ్యవస్థను తెలుగులో అందించుటకు కృషి చేసినది. ప్రపంచపు అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్లు 500నూ 2017 నుండి లైనక్స్‌పైననే నడచుచున్నవి.

అయితే ఈ విద్య కమాండ్లను వల్లించినంత మాత్రమున రాదు. ఒక ఉదాహరణము చూడుడు. లైనక్స్‌లో ప్రతి ఫైలుకును యజమాని, బృందము, ఇతరులు అని మూడు వర్గములు గలవు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని అంకెలు. మార్కుల పట్టికకు 640 అని అనుమతినిచ్చితిమనుకొందము. యజమానియైన గుమాస్తా చదువను, వ్రాయను గలడు. బృందములోని అధ్యాపకులు చదువగలరు. ఇతరులకు ప్రవేశము లేదు. పని జరుగలేదని విసిగి 777 అని ఇచ్చువారు కలరు. అది తాళము రాలేదని తలుపునే ఊడబెరుకుట వంటిది! ఆ పట్టికను ఆ యంత్రములో ప్రవేశమున్న ఎవరైనను దిద్దవచ్చును.

ఇట్టి తప్పు ఉద్యోగములో జరిగిన నష్టము. తరగతిలో జరిగిన పాఠము. కాని యంత్రము పాడగునను భయముతో విద్యార్థికి సర్వాధికారమైన రూట్ అధికారము నిచ్చుటకు పెక్కుచోట్ల జంకుదురు. దీనికి ఉపాయము కలదు. ఒక కంప్యూటరులోనే వర్చువల్ మెషీన్ అను మరియొక కంప్యూటరును సృష్టింపవచ్చును. దాని స్థితిని ముందుగా భద్రపరచినచో, ఎంత చెడినను క్షణములలో పూర్వస్థితికి తేవచ్చును. ఇదియే మేము చెప్పు పలక. దీనికి లైసెన్సు రుసుము లేదు.

కావున బోధనాక్రమము ఇట్లుండవలెను: అధ్యాపకుడు ఆ యంత్రమును బుద్ధిపూర్వకముగా చెడగొట్టవలెను. విద్యార్థి లాగ్ ఫైళ్లను చదివి కారణము కనుగొనవలెను. బాగుచేసి, చేసినదానిని తెలుగుననో, ఉర్దూననో తన మాటలలో వ్రాసికొనవలెను. బ్యాకప్ తీయుట సగము విద్య, దానినుండి మరల నిలబెట్టుట తక్కిన సగము.

గిద్దలూరునుండియో, మార్కాపురమునుండియో నగరమునకు పోవు మన బిడ్డ మొదటిసారి నిలిచిపోయిన సర్వరును చూచి బెదరకుండవలెనన్నచో, అతడు ఇచ్చటనే పదిమార్లు దానిని చెడగొట్టి, పదిమార్లు బాగుచేసి ఉండవలెను. ఆ అవకాశము కల్పించుట మన విధి.