బ్యాకప్‌లో చేరని డిస్కు

2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌ను ముంచెత్తిన వానలో, అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లా వద్ద ఇరవై నాలుగు గంటలు గడవకముందే 254.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. 1949లో ఆ దేశంలో వర్షపాతం లెక్కలు మొదలైన తరువాత అంతటి వాన నమోదు కాలేదు. దుబాయిలో రహదారులే కాక విమానాశ్రయపు రన్‌వేలు కూడా జలమయమయ్యాయి. ఇటువంటి రోజు ప్రతి సంస్థనూ ఒక ప్రశ్న అడుగుతుంది: సర్వర్ల గదిలోకి నీరు వస్తే, రేపు తిరిగి చేతికొచ్చేది ఏమిటి? దానికి జవాబు ఆనాడు నిర్ణయమయ్యేది కాదు. ఎప్పుడో ఎవరో బ్యాకప్ అమరికలో ఒక డిస్కు పక్కనున్న టిక్కును తొలగించిన నాడే అది నిర్ణయమై ఉంటుంది.

వర్చువల్ మెషీన్ అంటే, నిల్వ దృష్టితో చూస్తే, కొన్ని ఫైళ్ళ సమూహం. అందులోని ఒక్కొక్క వర్చువల్ డిస్కూ ఒక పెద్ద ఫైలు. బ్యాకప్ సాధనం మొదట స్నాప్‌షాట్ తీసి, ఆ క్షణాన డిస్కులు ఉన్న స్థితిని చదువుతుంది. మరునాటి నుంచి మారిన భాగాలను మాత్రమే చేర్చుకుంటుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. పేజ్‌ఫైలు, డేటాబేస్ తాత్కాలిక పట్టికలు ఉండే డిస్కు పరిమాణంలో చిన్నదైనా అనుక్షణం మారుతూ ఉంటుంది. ఎవరికీ అక్కరలేని ఆ మార్పులన్నీ రోజూ నకలు కావడం వల్ల నిల్వ పెరుగుతుంది, రాత్రి ముగియవలసిన పని తెల్లవారినా సాగుతుంది. అందువల్ల అలాంటి డిస్కును మినహాయించడం సమంజసమే.

మినహాయించే పద్ధతి సాధనాన్ని బట్టి మారుతుంది. వీఎమ్‌వేర్‌లో డిస్కును ‘ఇండిపెండెంట్’గా గుర్తిస్తే స్నాప్‌షాట్ దానిని తాకదు, కాబట్టి స్నాప్‌షాట్‌పై ఆధారపడే బ్యాకప్‌లోనూ అది ఉండదు. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు లక్షణాల్లో ‘బ్యాకప్’ అన్న టిక్కు తీసివేస్తే చాలు. వీమ్‌లో స్కజీ సంఖ్యను బట్టి డిస్కులను ఎంచుకోవచ్చు. అజూర్‌లో డేటా డిస్కులను వదిలివేయవచ్చు గాని, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కును వదలడానికి వీలులేదు. అజూర్ కేంద్రాలు 2019లో, అమెజాన్ కేంద్రాలు 2022లో ఎమిరేట్స్‌లో వెలిశాక, గిగాబైటు లెక్కన బిల్లు చెల్లించే సంస్థలకు ఈ మినహాయింపు మరింత ఆకర్షణీయమైంది.

అయితే మినహాయింపు మౌనంగా ఉంటుంది. చెప్పిన డిస్కులన్నీ నకలైతే సాధనం ‘విజయవంతం’ అనే నివేదిస్తుంది. వదలమన్న డిస్కు ఊసు ఆ మాటలో ఉండదు. పునరుద్ధరించిన రోజున గాని లోటు బయటపడదు. లినక్స్ యంత్రంలో, ఎఫ్‌స్టాబ్ ఫైలులో పేరున్న డిస్కు కనబడకపోతే, ‘నోఫెయిల్’ అని ముందుగా రాసి ఉంచకపోతే, యంత్రం సాధారణంగా లేవక అత్యవసర స్థితిలో ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ‘టెంప్‌డీబీ’ని ప్రతిసారీ కొత్తగా సృష్టించుకుంటుంది, నిజమే, కాని దానిని ఉంచవలసిన డ్రైవు, ఫోల్డరు లేకపోతే సర్వీసే మొదలు కాదు. ఒకే వాల్యూమ్ రెండు డిస్కులపై పరచుకొని ఉంటే, ఒకదాన్ని వదలడమంటే రెండింటినీ పోగొట్టుకోవడమే.

ఇంకొక పొరపాటు తర్కం చాటున దాగి ఉంటుంది. డేటాబేస్‌కు రోజూ విడిగా డంపు తీస్తున్నారు కనుక దాని డిస్కును మినహాయిస్తారు. ఆ డంపు రాసే డిస్కులో ఉన్నవి నకళ్ళే కదా అని దానినీ మినహాయిస్తారు. విడివిడిగా చూస్తే రెండు నిర్ణయాలూ సబబే. కలిపి చూస్తే మిగిలేది సున్న.

వైద్యరంగంలో ఈ పొరపాటు చట్టం దాకా వెళుతుంది. ఎమిరేట్స్ 2019 నాటి 2వ సంఖ్య సమాఖ్య చట్టం ప్రకారం, రోగికి చివరిసారి వైద్యసేవ అందిన నాటి నుంచి కనీసం 25 ఏళ్ళు ఆరోగ్య సమాచారాన్ని భద్రపరచాలి. మంత్రిత్వ నిర్ణయంతో అనుమతించిన సందర్భాల్లో తప్ప దానిని దేశం దాటించరాదు. ఆసుపత్రి సర్వర్లలో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించేవి స్కానింగు చిత్రాలు. అంటే ఖర్చు తగ్గించాలనుకునే కన్ను మొదట పడేది, చట్టం గట్టిగా కాపాడమన్న డిస్కు మీదనే. ఆ నకలును హైదరాబాదులోని చౌక సర్వర్‌కు పంపి ఊరట చెందడానికీ వీలులేదు.

కనుక డిస్కును వదిలే ముందు అడగవలసినవి మూడే: ఇందులో ఉన్నది మళ్ళీ ఎక్కడి నుంచి వస్తుంది? దానిని తెచ్చేది ఎవరు? అందుకు ఎన్ని గంటలు పడుతుంది? మూడింటికీ జవాబు రాతపూర్వకంగా ఉంటేనే మినహాయింపు సబబు. చేర్చవలసిన డిస్కుల జాబితా కన్నా, వదలవలసిన డిస్కుల జాబితా రాసుకోవడం క్షేమం. అప్పుడు రేపు కొత్తగా చేరిన డిస్కు దానంతటదే బ్యాకప్‌లోకి వస్తుంది. సంఖ్యలు మారినప్పుడు, తాత్కాలికమనుకున్న డిస్కులో ఎవరైనా అసలు ఫైళ్ళు దాచుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాను తిరిగి చూడాలి.

అన్నిటికీ మించి, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా విడి నెట్‌వర్కులో ఆ యంత్రాన్ని పునరుద్ధరించి, అది లేస్తుందో లేదో, అప్లికేషన్ పనిచేస్తుందో లేదో చూడాలి. వదిలిన డిస్కు లోటు ఎండకాలపు తీరిక రోజున తెలిస్తే అది పాఠం. వాన రోజున తెలిస్తే నష్టం.