పాత ట్రక్కుల ఎయిర్ కండిషనరును ఆర్-134ఎ కు మార్చడం

1990ల ఆరంభం వరకు తయారైన ట్రక్కులు, కార్ల ఎయిర్ కండిషనర్లలో ఆర్-12 అనే శీతలకాన్ని వాడేవారు. దాని స్థానంలో ఆర్-134ఎ అనే శీతలకం పనిచేసే విధంగా ఆ యంత్రాంగంలో తగిన మార్పులు చేయడాన్నే ఈ మార్పిడి అంటారు. తెలుగునాట మెకానిక్కులు శీతలకాన్ని "గ్యాస్" అనే వ్యవహరిస్తారు. అందువలన ఇది కేవలం పాత గ్యాస్ తీసి కొత్త గ్యాస్ నింపే పని అనే అభిప్రాయం కలగవచ్చు. అది సరికాదు. గ్యాస్‌తో పాటు కంప్రెసరు నూనె, డ్రైయరు, ఓ-రింగులు, గ్యాస్ నింపే మూతులు కూడా మారవలసి ఉంటుంది. ఇవి మార్చకుండా గ్యాస్ మాత్రమే నింపిన వాహనాల్లో కంప్రెసరు త్వరలోనే అరిగి బిగుసుకుపోతుంది.

ఈ మార్పిడి అత్యధికంగా జరిగిన దేశం అమెరికా సంయుక్త రాష్ట్రాలు. 1970, 80 దశకాల నాటి ఫోర్డు ఎఫ్-శ్రేణి, షెవ్రొలే సి/కె శ్రేణి పికప్ ట్రక్కులు అక్కడ ఇప్పటికీ రోడ్లపై కనిపిస్తాయి. టెక్సాస్, అరిజోనా వంటి ఎండ ప్రాంతాల్లో ఎయిర్ కండిషనరు లేని ట్రక్కును వేసవిలో నడపడం కష్టం.

నేపథ్యం

ఆర్-12 రసాయన నామం డైక్లోరోడైఫ్లోరోమీథేన్. జనరల్ మోటార్స్ సంస్థ కోసం థామస్ మిడ్గ్లీ, ఆల్బర్ట్ హెన్నీ తదితరులు 1920ల చివరలో ఈ కుటుంబానికి చెందిన శీతలకాలను రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడులు విషవాయువులు. ఆర్-12 విషం కాదు, మండదు. దీన్ని నిరూపించడానికి 1930లో మిడ్గ్లీ అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో ఆ వాయువును పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తిపై ఊది దానిని ఆర్పి చూపించాడు. పెట్రోలులో సీసం కలిపే పద్ధతిని కనిపెట్టినది కూడా ఈ మిడ్గ్లీయే కావడం గమనార్హం. ఫ్రియాన్ అనే వాణిజ్య నామంతో ఆర్-12 ప్రపంచమంతటా వ్యాపించింది.

ఎంత సురక్షితమో అంత స్థిరమైనది కావడమే దీనిలోని దోషం. విడుదలైన ఆర్-12 సుమారు వందేళ్ళు వాతావరణంలో నిలిచి, మెల్లగా స్ట్రాటోస్ఫియరుకు చేరి, అక్కడ అతినీలలోహిత కిరణాల తాకిడికి విడిపోయి క్లోరిన్ పరమాణువులను వదులుతుంది. ఆ క్లోరిన్ ఓజోనును నాశనం చేస్తుందని మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలండ్ 1974లో ప్రకటించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోను పొర పలుచబడిన సంగతి వెల్లడైంది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మొలీనా, రోలండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ రసాయనశాస్త్ర బహుమతి లభించింది. అదే సంవత్సరం డిసెంబరు 31తో అమెరికాలో ఆర్-12 ఉత్పత్తి ముగిసింది.

ఉత్పత్తి ఆగినా పాత ట్రక్కులు ఆగలేదు. 1990 నుండి విధించిన ప్రత్యేక పన్ను, తరువాత ఏర్పడిన కొరత వలన ఆర్-12 ధర విపరీతంగా పెరిగింది. 1990ల మధ్యలో ఫ్లోరిడాలోని మయామి గుండా ఈ గ్యాస్ పెద్దయెత్తున దొంగరవాణా అయింది. మామూలు ట్రక్కు యజమానికి ఓజోను పొర ప్రసక్తి అర్థమైనది గ్యాస్ నింపించుకోవడానికి వెళ్ళినపుడే అంటే అతిశయోక్తి కాదు.

ఎయిర్ కండిషనరు పనిచేసే విధానం

ఇంజెక్షను ఇచ్చేముందు చేతిపై రాసే స్పిరిట్ ఆవిరవుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. మట్టి కుండలో నీరు చల్లబడేది కూడా ఈ సూత్రంతోనే. స్పిరిట్ గాలిలో కలిసిపోతుంది. ఎయిర్ కండిషనరులో మాత్రం ఆవిరైన ద్రవాన్ని పట్టి తిరిగి ద్రవంగా మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు.

ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు శీతలక వాయువును అధిక పీడనానికి కుదిస్తుంది. అది రేడియేటరు ముందున్న కండెన్సరులో వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వు లేదా ఆరిఫిస్ ట్యూబు అనే సన్నని దారి గుండా పోయేటపుడు పీడనం హఠాత్తుగా తగ్గుతుంది. క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్‌లో అది మరిగి, లోపలి గాలి నుండి వేడిని గ్రహించి, వాయువుగా కంప్రెసరుకు తిరిగి వస్తుంది. కంప్రెసరుకు విడిగా నూనె సరఫరా లేదు. శీతలకంతో కలిసి తిరిగే నూనె మాత్రమే దానికి ఆధారం. మార్పిడిలో వచ్చే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఈ సంగతిలోనే ఉన్నది.

రెండు శీతలకాల మధ్య భేదం

సాధారణ వాతావరణ పీడనం వద్ద ఆర్-12 సుమారు -30 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆర్-134ఎ సుమారు -26 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఇంత దగ్గరగా ఉండడం వల్లనే ఈ మార్పిడి సాధ్యమైంది. ఆర్-134ఎ లో క్లోరిన్ లేదు కనుక ఓజోనుకు హాని లేదు.

అయితే పీడనాల విషయంలో ఒక మెలిక ఉన్నది. 0 డిగ్రీల వద్ద ఆర్-12 పీడనం సుమారు 309 కిలోపాస్కల్స్ కాగా ఆర్-134ఎ పీడనం 293. అదే 60 డిగ్రీల వద్ద ఆర్-12 కు 1526, ఆర్-134ఎ కు 1682. అనగా చల్లని వైపు పీడనం తక్కువ, వేడి వైపు ఎక్కువ. కంప్రెసరు ఆర్-12 ను సుమారు 5 రెట్లు కుదిస్తే సరిపోయే చోట ఆర్-134ఎ ను దాదాపు 5.7 రెట్లు కుదించవలసి వస్తుంది. ఎండ పెరిగి కండెన్సరు వేడెక్కిన కొద్దీ ఈ తేడా ఎక్కువవుతుంది. ట్రక్కు వేగంగా పోతున్నపుడు చల్లగా ఉండి, సిగ్నలు వద్ద ఆగినపుడు చల్లదనం తగ్గిందని మార్పిడి చేయించుకున్నవారు చెప్పడానికి కారణం ఇదే.

నూనె సమస్య

ఆర్-12 యంత్రాల్లో ఖనిజ నూనె వాడేవారు. అది ఆర్-12 లో చక్కగా కలిసి తిరుగుతుంది. ఆర్-134ఎ లో కలవదు. కలవని నూనె కూలింగ్ కాయిల్ అడుగున, డ్రైయరులో నిలిచిపోతుంది. కంప్రెసరు పొడిగా తిరిగి లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఊడిన లోహపు పొడి కండెన్సరులోకి పోయి దాన్ని పూడ్చివేస్తుంది. నల్లని బురదలా పేరుకునే ఈ స్థితిని అమెరికా మెకానిక్కులు "నల్ల చావు" అని పిలుస్తారు. ఆ దశకు వచ్చాక కంప్రెసరు ఒక్కటి మార్చి ప్రయోజనం లేదు. పాత కండెన్సరులోని పొడి కొత్త కంప్రెసరును కూడా పాడుచేస్తుంది.

ఆర్-134ఎ కు సరిపడే నూనెలు రెండు రకాలు: పి.ఎ.జి. మరియు ఎస్టరు. కొత్త వాహనాల్లో కర్మాగారం నుండి పి.ఎ.జి. వస్తుంది. కాని అది గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. మిగిలిపోయిన ఆర్-12 లోని క్లోరిన్‌తో కూడా దానికి పొసగదు. పాత నూనె జాడలు కొంత మిగిలినా ఓర్చుకునే గుణం ఉండడం చేత మార్పిడి పనుల్లో ఎస్టరు నూనెకే ప్రాధాన్యం ఇస్తారు. ఏది వాడినా డబ్బా మూత తీసి ఉంచరాదు.

మార్చవలసిన భాగాలు

డ్రైయరు తేమను పీల్చే గుళికలు గల డబ్బా. ఎక్స్‌పాన్షన్ వాల్వు గల యంత్రాల్లో ఇది కండెన్సరు తరువాత ఉంటుంది. ఆరిఫిస్ ట్యూబు గల వాటిలో కంప్రెసరుకు ముందు అక్యుములేటరు రూపంలో ఉంటుంది. పాత గుళికలు ఆర్-134ఎ కు తగినవి కావు. పైగా ఏళ్ళ తరబడి తేమ పీల్చి నిండిపోయి ఉంటాయి. కనుక దీనిని తప్పక మార్చాలి.

విప్పిన ప్రతి కీలు వద్ద కొత్త ఓ-రింగు వేయాలి. హెచ్.ఎన్.బి.ఆర్. అనే రబ్బరుతో చేసిన ఇవి సాధారణంగా ఆకుపచ్చగా ఉంటాయి.

హోస్ పైపుల విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆర్-134ఎ అణువు చిన్నది కనుక పాత రబ్బరు గుండా మెల్లగా బయటపడుతుందని, లోపల నైలాన్ పొర గల కొత్త పైపులు వేయాలని మొదట భావించారు. ఏళ్ళ తరబడి ఖనిజ నూనె పీల్చుకున్న పాత పైపులు ఆ నూనె వల్లనే వాయువును చాలావరకు ఆపగలవని తరువాత తేలింది. పైపు పగుళ్ళు లేకుండా ఉంటే ఉంచవచ్చు. కొత్త పైపు వేయదలిస్తే మాత్రం నైలాన్ పొర గలదే వేయాలి.

గ్యాస్ నింపే మూతులు కూడా మారతాయి. ఆర్-12 వి మరలున్న మూతులు. ఆర్-134ఎ వి నొక్కితే పట్టుకునే రకం, తక్కువ పీడనం వైపు 13 మి.మీ., ఎక్కువ పీడనం వైపు 16 మి.మీ. వ్యాసం. అమెరికాలో ఈ మూతులు, ఇంజను గదిలో లేత నీలిరంగు చీటీ అతికించడం చట్టరీత్యా తప్పనిసరి. చీటీపై శీతలకం పేరు, పరిమాణం, నూనె రకం రాయాలి. చీటీ అంటే పలువురికి చులకన. కాని పదేళ్ళ తరువాత ఆ ట్రక్కును విప్పే మెకానిక్కుకు లోపల ఏమున్నదో తెలిపే ఆధారం అదొక్కటే. అధిక పీడనం వద్ద గ్యాస్‌ను గాలిలోకి వదిలే రిలీఫ్ వాల్వు ఉన్న యంత్రాల్లో, దానికంటే ముందే కంప్రెసరును ఆపివేసే స్విచ్చి కూడా అమర్చాలి.

మార్పిడి జరిగే క్రమం

మొదట మిగిలిన ఆర్-12 ను యంత్రంతో సిలిండరులోకి తీసుకోవాలి. అమెరికాలో 1992 జూలై 1 నుండి ఆర్-12 ను గాలిలోకి వదలడం నేరం. తరువాత కంప్రెసరును విప్పి పాత నూనెను వంపి, కండెన్సరును, కూలింగ్ కాయిల్‌ను తగిన ద్రావకంతో కడిగి, పొడి నైట్రోజనుతో ఆరబెడతారు. లీకు పరీక్షకు కూడా నైట్రోజనే వాడాలి. ఆర్-134ఎ మామూలుగా మండదు గాని, అధిక పీడనంలో గాలితో కలిసినపుడు మండగలదు. అందుచేత టైర్లకు గాలి కొట్టే కంప్రెసరుతో ఈ పరీక్ష చేయడం ప్రమాదకరం.

కొత్త భాగాలు, తయారీదారు చెప్పిన మేర కొత్త నూనె వేసి బిగించిన పిదప వాక్యూమ్ పంపు పెట్టాలి. తొందరపాటు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. పంపు పని గాలి తీయడమే కాదు, తేమను మరిగించి తీయడం. సముద్రమట్టం వద్ద మీటరు 29 అంగుళాలు చూపినపుడు లోపలి నీరు 25 డిగ్రీల వద్దనే మరుగుతుంది. దీనికి కనీసం 30 నుండి 45 నిమిషాల సమయం ఇవ్వాలి. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వులో మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, క్రమేణా ఆమ్లాలు ఏర్పడి లోహాన్ని తింటాయి. ఎత్తైన ఊళ్ళలో మీటరు అంత చూపదు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. సుమారు 1600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలోనే కాదు, 500 మీటర్లకు పైబడిన హైదరాబాదులో కూడా 29 అంగుళాలు రాలేదని పంపును తప్పుపట్టనక్కరలేదు. పంపు ఆపిన తరువాత ముల్లు కదలకుండా నిలిస్తే లీకు లేనట్లే భావించవచ్చు.

చివరగా గ్యాస్. ఆర్-134ఎ ద్రవం ఆర్-12 కంటే తేలిక కనుక పాత తూకంలో 80 నుండి 90 శాతం మాత్రమే నింపాలి. ఉదాహరణకు 1.2 కిలోల ఆర్-12 పట్టే ట్రక్కుకు 960 నుండి 1080 గ్రాముల ఆర్-134ఎ సరిపోతుంది. కొలత తూకంతోనే జరగాలి. పాత పద్ధతిలో డ్రైయరుపై ఉన్న గాజు కన్నులో బుడగలు పోయేవరకు నింపితే మోతాదు మించిపోతుంది, పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. ఆరిఫిస్ ట్యూబు రకం ట్రక్కుల్లో కంప్రెసరును ఆపి నడిపే పీడన స్విచ్చిని కొద్దిగా తక్కువ పీడనానికి సవరించాలి. లేకుంటే కాయిల్ తగినంత చల్లబడకముందే కంప్రెసరు ఆగిపోతుంది.

నింపాక సిగ్నళ్ళ వద్ద చల్లదనం చాలకపోతే ముందు చూడవలసింది కండెన్సరునే. దాని రెక్కల్లోని దుమ్ము తీయడం, కండెన్సరుకు రేడియేటరుకు మధ్య సందులను ఫోముతో మూయడం, ఫ్యాను క్లచ్చి సరిచూడడం చవకైన ఉపాయాలు. అప్పటికీ చాలకుంటే సమాంతర గొట్టాలు గల కొత్త రకపు కండెన్సరు వేస్తారు.

మార్చక పోవచ్చా?

లీకు లేకుండా పనిచేస్తున్న ఆర్-12 యంత్రాన్ని కేవలం పాతదన్న కారణంతో మార్చనవసరం లేదు. అమెరికాలో శుద్ధి చేసిన పాత ఆర్-12 ను శిక్షణ ధ్రువపత్రం గల మెకానిక్కులు నేటికీ చట్టబద్ధంగా నింపవచ్చు. కంప్రెసరు చెడినపుడు, లేదా గ్యాస్ అంతా పోయినపుడు మార్పిడి చేయడం లాభదాయకం.

ప్రొపేను, బ్యూటేను వంటి వంటగ్యాస్ జాతి వాయువులను ఆర్-12 కు బదులుగా అమ్మేవారు కూడా ఉన్నారు. ఇవి చక్కగానే చల్లబరుస్తాయి. కాని కూలింగ్ కాయిల్ ఉండేది మనుషులు కూర్చునే క్యాబిన్‌లో. అక్కడ లీకైన మండే వాయువుకు ఒక నిప్పురవ్వ చాలు. అందుకే ఆర్-12 వాహనాల్లో వీటిని నింపడాన్ని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ నిషేధించింది.

భారతదేశంలో

భారత్ 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేరింది. ఓజోనుకు హాని చేసే పదార్థాల నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్ల అవసరానికి మినహా ఆర్-12 వంటి వాటి ఉత్పత్తి 2008 ఆగష్టు 1తో నిలిపివేయబడింది. మన దేశపు పాత లారీల్లో ఎయిర్ కండిషనరు ఉండేది కాదు కనుక ఇక్కడ ఈ మార్పిడి ప్రధానంగా కార్లకే పరిమితమైంది. మధ్యతరహా, భారీ లారీల డ్రైవరు క్యాబిన్‌కు ఎయిర్ కండిషనరు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నోటిఫికేషను జారీ చేసింది.

ఆర్-134ఎ కూడా దోషరహితం కాదు. భూతాపాన్ని పెంచడంలో అది కార్బన్ డయాక్సైడు కంటే 1430 రెట్లు బలమైనది, ఆర్-12 మాత్రం 10,900 రెట్లు. ఐరోపా సమాఖ్యలో 2017 నుండి కొత్త కార్లలో ఆర్-134ఎ నిషిద్ధం. 2016 నాటి కిగాలీ సవరణ ప్రకారం ఇతర దేశాలు కూడా ఈ జాతి శీతలకాలను తగ్గించాలి. భారత్ ఈ సవరణను 2021లో ఆమోదించింది. వీటి స్థానంలో వచ్చిన ఆర్-1234వైఎఫ్ స్వల్పంగా మండే గుణం గలది. అమెరికాలో దానికి అనుమతి లభించినది కొత్త వాహనాలకే గాని, పాత ట్రక్కుల మార్పిడికి కాదు.