తొట్టి నిండలేదు, తరగనూ లేదు

వానలు ముఖము చాటేసిన సంవత్సరము ఆ సంగతి ముందుగా తెలిసేది మన ఇంటి బియ్యపు డబ్బాకే. డబ్బా అడుగున సోల గీసుకొన్న చప్పుడు వినని తల్లి మన సంఘాలలో అరుదు.

ఆ చప్పుడు మా ఇంట్లోనూ విన్నాము. ఒక ఏడు వేరుశనగ ఎండిపోయి, ఆదివారపు కానుక సగానికి పడిపోయింది. దేవుడు పోషిస్తాడని ప్రసంగము చేసి ఇంటికి వచ్చి, అప్పు ఎవరిని అడగాలా అని లెక్కలు వేసుకొన్నాము. ఆ వారమే, కూలికి పోయే ఒక విధవరాలు వంట చేసినప్పుడెల్లా తీసిపెట్టిన గుప్పెడు బియ్యము గుడ్డసంచిలో కట్టి తెచ్చింది.

"నీకే లేవు గదా అవ్వా, తీసుకుపో" అన్నాము.

"దేవునికని తీసింది మళ్ళీ కుండలో ఎట్లా పోసేది అయ్యగారూ?" అని సంచి గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆ అన్నము తింటూ సిగ్గుపడ్డాము. బోధించినది మేము, నమ్మినది ఆమె.

సారెపతు విధవరాలి సంగతి (1 రాజులు 17:8-16) ఆ తరువాత మరల చదివాము. దేవుడు ఆమె ఇంటికి బండెడు ధాన్యము పంపలేదు. తొట్టి నిండలేదు, తరగనూ లేదు. ప్రతి ఉదయము ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి చూడవలసిందే. అనుదినాహారము కొరకు ప్రార్థించుమని ప్రభువు నేర్పినదీ ఇందుకే. రేపటి భయము తీరిన తరువాత నమ్ముదామంటే నమ్మే రోజు రాదు.

మన తెలుగు నేలమీదనే దీనికి సాక్ష్యమున్నది. 1876-78 సంవత్సరాల గొప్ప కరువులో, ఒంగోలులోని బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకము గుత్తకు తీసుకొన్నారు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికాయి. దేవుని పోషణ వారికి పార, తట్ట రూపములో వచ్చింది. అయితే ఆ కరువు పనులు సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. కూటి కొరకు ఎవరూ ప్రభువును ఒప్పుకొనరాదని ఆయన ఉద్దేశము. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కూలి ఆగినా వారు ప్రభువును విడువలేదు.

అయినా ఒక మాట దాచరాదు. ఆ కరువులో లక్షలాది జనులు చనిపోయారు. వారిలో ప్రార్థించినవారు లేరని ఎవరనగలరు? కాబట్టి కొరత వచ్చిన ఇంటిని చూచి, విశ్వాసము లేదని వేలు చూపవద్దు. ఆకలి ఎరిగిన పౌలు కూడా తృప్తిగా ఉండుట నేర్చుకొన్నానని వ్రాశాడు (ఫిలిప్పీ 4:11-12). నేర్చుకొనుటకు కాలము పడుతుంది.

మరి మనమేమి చేద్దాము? ఉన్న పని యథార్థముగా చేద్దాము. నలుగురిలో గొప్ప కొరకు వడ్డీ అప్పు చేసి పెండ్లి జరిపించవద్దు. లేమిని సంఘమునకు చెప్పుటకు సిగ్గుపడవద్దు. పొయ్యి వెలిగించునప్పుడు ఒక గుప్పెడు పక్కకు తీసి, పొరుగింట పొగ లేస్తున్నదో లేదో చూద్దాము. వారు చేసిన ప్రార్థనకు జవాబు మన గుప్పిటిలోనే ఉండవచ్చును.