పాత కారు ఏల వేడెక్కును?

హైదరాబాదునందలి ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు నెలవు. బస్తాల లారీలును, తోపుడు బండ్లును అచటి త్రోవలలో క్రిక్కిరిసియుండును. ఇట్టిచోట పాత అంబాసిడరు కారు ఇంచుక సాగి, మరల నిలిచి, తుదకు ముందుభాగమునుండి పొగ వెడలించుటయు కలదు. చూపరులు పొగ యందురు గాని అది నిజమునకు ఆవిరి. ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. కావున ఇప్పుడున్నవన్నియు పాతవే. పరుగిడునపుడు వేడెక్కని కారు నిలిచినపుడేల వేడెక్కును?

ఇంజనులోని వేడిని నీరు రేడియేటరునకు కొనిపోవును. అచట గాలి దానిని చల్లార్చును. పరుగిడు కారునకు గాలి తనంతట తానే తగులును. నిలిచిన కారునకు ఫ్యానే దిక్కు. పాత అంబాసిడరులో ఫ్యానును, నీటిపంపును, డైనమోను త్రిప్పునది ఒకే బెల్టు. అది వదులైనచో మూడును కుంటుపడును. ఇంజను నాపి, బెల్టు పొడవైన భాగమును బొటనవ్రేలితో నొక్కిచూడుడు. సుమారు అర అంగుళము మాత్రమే కదలవలెను. అంతకు మించినచో డైనమో బోల్టులను పానాతో సడలించి, డైనమోను వెలుపలికి జరిపి, మరల బిగింపవలెను. మితిమీరి బిగించినచో బేరింగులు చెడును.

ఆవిరి కనబడగానే రేడియేటరు మూత తీయబోవుట మిక్కిలి ప్రమాదము. మూత బిగించియున్నంతవరకు లోపలి ఒత్తిడిచే నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటినను మరగదు. మూత తీసినంతనే ఒత్తిడి తగ్గి, నీరు గుప్పున ఆవిరియై ముఖమును, చేతులను కాల్చును. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, పెద్దల సమక్షమున, మందపు గుడ్డతో మూతను మెల్లగా సడలింపవలెను. వేడి ఇంజనులో చన్నీరు పోసినచో ఇనుము బీటవారును. నీరు మాటిమాటికి తగ్గుచున్నచో రబ్బరు గొట్టముల అతుకులయొద్ద తడి మరకలకై వెదకుడు.