కోరింగ నుంచి పులికాట్‌ దాకా... పిట్టల రూట్‌!

లాంగ్‌ వీకెండ్‌ అనగానే గోవా గ్రూపు చాట్‌ మొదలవుతుంది కదా! ఈసారి కాస్త రూటు మార్చి చూడండి. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగిని కాబట్టి వారమంతా నా కళ్లు స్క్రీన్‌కే అంటుకుపోతాయి. వాటికి మందు కావాలంటే నేను పట్టుకునేది మన కోస్తా దారినే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి వెంట దిగితే మడ అడవి, మంచినీటి సరస్సు, ఊరి చెరువు, ఉప్పుటేరు... అన్నీ ఒకే ట్రిప్‌లో అయిపోతాయి.

మొదటి స్టాప్‌ కాకినాడ పక్కన కోరింగ. దాదాపు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడుస్తుంటే లకుముకి పిట్టలు పలకరిస్తాయి. సముద్రం ఆటు మీదున్నప్పుడు వెళ్లండి. నీళ్లు తీసి బురద బయటపడితేనే పురుగుల కోసం ఉల్లంకి పిట్టలు దిగుతాయి.

తర్వాత కొల్లేరు. 2002లో రామ్‌సర్‌ గుర్తింపు దక్కిన సరస్సు ఇది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని దగ్గర్నుంచి చూడొచ్చు. గుంటూరు పక్కన ఉప్పలపాడులోనైతే అడవే లేదు, ఊరి చెరువులోని చెట్ల మీదే గూళ్లు!

నాకు బాగా నచ్చేది మాత్రం చివరి అంకం. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీళ్లలోనే చెట్లుంటాయి. చుట్టూ నీరుంటే పిల్లుల్లాంటివి గూళ్ల దాకా రాలేవు. అందుకే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు అక్కడ పిల్లల్ని పెంచుతాయి. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని చుట్టుపక్కల రైతులకూ వాటి మీద ప్రేమే. పిల్లలకు చేపలు మాత్రం పులికాట్‌ నుంచి రావాలి. అంటే ఇల్లొక చోట, కిచెన్‌ ఇంకో చోట!

చిక్కంతా ఆ కిచెన్‌తోనే. మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్‌. సముద్రపు నీరు, చేపపిల్లలు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతున్నాయి. రాయదొరువు దగ్గరా అదే పరిస్థితి. నీరు తగ్గితే మత్స్యకారుల వలకీ, నేలపట్టు గూటికీ ఒకేసారి దెబ్బ. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు తల కిందులుగా పెట్టి నీళ్లు వడకట్టుకుని తినడం కనిపిస్తుంది. వాటికి ఆ గులాబీ రంగు వచ్చేది కూడా తినే నాచు, చిన్న రొయ్యల నుంచే. సరస్సు ఎండితే రంగూ లేదు, రాకా లేదు.

బయల్దేరే ముందు...

* 8×42 బైనాక్యులర్స్‌ చాలు. ఫోన్‌ జూమ్‌ని నమ్ముకోవద్దు.
* పొద్దున్నే వెళ్లండి. ముదురు ఆకుపచ్చ, ఖాకీ బట్టలు మేలు.
* గూళ్ల దగ్గర డ్రోన్‌, ఫ్లాష్‌, హారన్‌ వద్దే వద్దు. బెదిరి తల్లి లేచిపోతే గుడ్లు కాకుల పాలే.
* పేరు తెలియని పిట్ట కనిపిస్తే మెర్లిన్‌ యాప్‌ని అడగండి. చూసినవన్నీ ఈ-బర్డ్‌లో ఎక్కించండి, రెండూ ఫ్రీనే. ఏ ఏడు ఎన్నొచ్చాయో లెక్క ఉంటేనే సరస్సు కోసం గట్టిగా అడగ్గలం.